లవంగనూనె దూది

ఇంటి నుంచి,
వానలు మొదలైన వారం.

అమ్మలూ,

నా చేతిరాత చూసి నవ్వుకోకు. చదివింది ఊళ్లో ఐదో తరగతి దాకా. ఆ పైన కలం పట్టింది జీతం రోజున సంతకానికే. ఒత్తులూ దీర్ఘాలూ వాటికి ఇష్టమైన చోట పడుతుంటాయి. నువ్వే దిద్దుకుని చదువుకో తల్లీ. మీ అమ్మమ్మ నా భుజం మీంచి తొంగిచూసి, "కోళ్లు కెలికిన పెరడులా ఉంది, పిల్ల జడుసుకుంటుంది" అంటోంది.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే "ఆఁ... ఆఁ... ఉండు" అని అమ్మమ్మ చేతికిచ్చేశాను. కోపం పెట్టుకోకు. ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. ఎదురుగా ఉన్నా అంతే అనుకో. అందుకే ఈ ఉత్తరం.

కాలేజీలో నాలుగు సైన్సు కోర్సులు చూపించి రెండు ఎంచుకోమన్నారట. డాక్టరు చదువుకి ఏవి పనికొస్తాయో నన్ను చెప్పమన్నావట. బతుకంతా తోళ్ల షెడ్డులో పచ్చితోళ్లు గీకినవాణ్ణి, నాకేం తెలుస్తుందమ్మా? మీ నాన్న చదువుకున్నవాడు, ఆయన్నడుగు. ఆయన మాట కాదంటే ఇంట్లో గిన్నెలు ఎగురుతాయని నీకూ తెలుసు.

అయినా నన్నెందుకు అడిగావో రాయి.

ఇక్కడ మా ఇద్దరికీ కులాసాయే. అమ్మమ్మకి అరికాల్లో గాజుపెంకు గుచ్చుకుంది. షుగరు ఒళ్లు కదా, మానడానికి టైం పడుతుందంటోంది. తనే కట్టు కట్టుకుంటోంది. నా చూపు సంగతి తెలుసుగా, నన్ను చెయ్యి వెయ్యనివ్వదు. వేణ్ణీళ్లు కాచి ఇవ్వడం వరకే నా పని.

తాతయ్య

*

హాస్టలు, మేడ మీద చివరి గది.

తాతయ్యా,

నీ ఉత్తరం గదిలో అందరికీ చూపించి గొప్పలు పోయాను. వీళ్లెవరి తాతలూ ఉత్తరం రాయలేదు. కోళ్ల సంగతి అమ్మమ్మకి చెప్పు, నాకు ప్రతి ముక్కా అర్థమైంది.

నిన్నెందుకు అడిగానంటే, అడగ్గానే సలహా ఇవ్వనివాడివి నువ్వొక్కడివే. మిగతా అందరూ నేను నోరు తెరవకముందే ఇచ్చేశారు.

సంగతి ఇది. జంతువుల శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, మొక్కల శాస్త్రం, గణాంకాలు. ఈ టర్మంతా నాలుగింట్లోనూ కూర్చుని చూడొచ్చు. చలికాలం సెలవుల ముందు రెండింటికి టిక్కు పెట్టి కాగితం ఇచ్చేయాలి. ఇచ్చాక మార్చడానికి లేదు. నాన్న ఇప్పటికే తేల్చేశాడు. మొక్కలు, గణాంకాలు. "వాటిలో మార్కులు రాలతాయి. మెడికల్ కాలేజీవాళ్లు నీ మార్కులు చూస్తారా, నువ్వు ఏ కప్పని కోశావో చూస్తారా?" అంటాడు. ఇక్కడ క్లాసులో అందరిదీ అదే పాట. ఏ మాస్టారు మార్కులు జల్లుతాడు, ఎవరి పేపరు ముందే తెలిసిపోతుంది, ఇదే చర్చ పొద్దస్తమానం. ఒకడైతే, "రోగుల్ని ముట్టుకోవడం సీటొచ్చాక నేర్చుకుందాం, వాళ్లెక్కడికీ పారిపోరుగా" అన్నాడు. అందరూ పడి పడి నవ్వారు. ఇలాంటివాళ్లు రేపు ఎవరి పొట్ట కోస్తారో తలుచుకుంటేనే వెగటు పుడుతోంది.

కానీ తాతయ్యా, వాళ్లను తిట్టే ముఖం నాకు లేదు. శరీర నిర్మాణం క్లాసులో మొదటి రోజు తలా ఒక గొర్రె గుండె ఇచ్చారు. పళ్లెంలో, తడిగా, బూడిద రంగులో. ఆ మందునీళ్ల వాసన, దాని కింద ఇంకో వాసన. కత్తి పట్టుకోగానే కక్కుకున్నాను. సింకు దాకా కూడా పోలేకపోయాను. పక్క అమ్మాయి చెప్పుల మీదే. ఆ రోజు నుంచీ నా పేరు "వాంతుల డాక్టరమ్మ". ఆ తర్వాత రెండు క్లాసుల్లోనూ అదే జరిగింది. అమ్మకీ నాన్నకీ చెప్పలేదు. చెబితే "అందుకే అన్నాం" అంటారు.

నేను తప్ప ఇంకెవరూ డాక్టరు కావాలని ఎప్పుడూ అనలేదు ఇంట్లో. చిన్నప్పుడు షెడ్డులో సున్నం కొరికేసిన నీ వేళ్లకి మందు రాసింది నేనే, గుర్తుందా? చీము కారేది. అప్పుడు నాకు అసహ్యం వేయలేదే! ఇప్పుడేం పుట్టింది?

ఒక్కటి చెప్పు. షెడ్డులో మొదట్లో నీకు రోత పుట్టలేదా? పుడితే ఎలా పోయింది? అది చెబితే చాలు, కోర్సుల సంగతి నేను చూసుకుంటాను.

నీ అమ్మలు

*

ఇంటి నుంచి,
వాన వెలిసిన పూట.

అమ్మలూ,

ఈ ఉత్తరం అమ్మమ్మకి చూపించకుండా రాస్తున్నాను. అవతల గదిలో పడుకుంది.

రోత పుట్టలేదా అన్నావు. పుట్టకపోవడమేమిటి! ఉప్పు పట్టించిన తోళ్లు లారీలో వచ్చేవి, ఇంకా నెత్తురు కారుతూ, తోకలతో సహా. సున్నం తొట్టిలో నానాక బయటికి తీస్తే వెంట్రుకలు ముద్దలు ముద్దలుగా ఊడి చేతికి వచ్చేవి. తోలును మొద్దు మీద పరిచి, రెండు పిడుల కత్తితో లోపలి కొవ్వూ పొరా గీకాలి. గీకింది నీ కాళ్ల మీదే పడుతుంది. ఎండాకాలం పురుగులు పట్టి అది కదిలేది. నేను మొదటి రోజు తిన్నదంతా ఆ తొట్టి పక్కనే పెట్టేశాను. మేస్త్రీ చూసి, "అబ్బాయి తోళ్లకి మసాలా పెడుతున్నాడు రోయ్" అన్నాడు. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ ఆ రోజు చచ్చిపోదామనిపించింది.

అక్కడ కొత్తగా చేరినవాళ్లకి పాతవాళ్లు ఒక ఉపాయం చెప్పేవారు. కాస్త దూది తీసుకుని లవంగనూనెలో ముంచి పిండి, రెండు ముక్కుపుటాల్లోనూ పెట్టుకోవాలి. నోటితో గాలి పీల్చాలి. మొదట కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఆ తర్వాత లోకంలో లవంగం తప్ప ఇంకేం ఉండదు. నేనూ అలాగే నెట్టుకొచ్చాను. నువ్వూ చేసి చూడు. పంటి నొప్పికి వాడే నూనే, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

తర్వాత్తర్వాత దూది కూడా అక్కర్లేకపోయింది. ముక్కే చచ్చిపోయింది. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను. నాకు మంచి వాసనా తెలీదు, చెడ్డ వాసనా తెలీదు. మొన్న పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ అయితే అమ్మమ్మ మంచం మీంచి, "ఏ లోకంలో ఉన్నారండీ, అంత పరధ్యానమేంటి" అని కేకలేసింది. పరధ్యానమే అన్నాను. రోజూ అన్నం ముందు కూర్చుని "కూర వాసన బాగుంది" అంటాను. అలవాటు. ఆవిడ ముఖం వెలుగుతుంది, నాదేం పోయింది?

మనుషుల సంగతి కూడా చెబుతాను. పనిలో ఉన్నన్నాళ్లూ బస్సులో నా పక్క సీటు ఖాళీయే. నేనెక్కితే కిటికీలు తెరుచుకునేవి. కొట్టుకెళితే రుమాళ్లు బయటికి వచ్చేవి. ఛీ, వాళ్ల కాళ్లకి చెప్పులు మాత్రం కావాలి. మీ అమ్మమ్మ ఒక్కతే ఏనాడూ నా ముందు ముక్కు మూసుకోలేదు. బహుశా ఆవిడకి నా కంపు తెలిసేది కాదేమో.

కాలు నయమవుతోందట. ఇక్కడ కులాసాయే.

తాతయ్య

*

హాస్టలు.

తాతయ్యా, తాతయ్యా!

పని చేసింది! కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి, పక్క అమ్మాయి "ఎవరు పోయారే" అని అడిగింది. కానీ కడుపు కదల్లేదు. గుండెని నిలువునా కోశాను. నాలుగు గదులూ చూశాను. కవాటాలు సన్నటి దారాలతో కట్టినట్టు ఉంటాయి, చెప్పులు కుట్టే దారంకన్నా సన్నం. రెండు వారాలుగా క్లాసులో అందరికంటే ముందు నేనే కత్తి పట్టుకుంటున్నాను. మొన్నటిదాకా ఏడిపించినవాళ్లు ఇప్పుడు నా బల్ల దగ్గరికొచ్చి "ఇది ఏ నాళం, చూపించవే" అంటున్నారు. వాంతుల డాక్టరమ్మ పోయి ఒట్టి డాక్టరమ్మని అయ్యాను.

దూది బయటికి కనపడకుండా లోపలికి తోసుకుంటాను. మాట మాత్రం జలుబు చేసినదానిలా వస్తోంది. మా మేడం "ఇంకా తగ్గలేదా?" అని పాపం రోజూ అడుగుతుంది.

నీ ముక్కు సంగతి చదివాను. ఎవరికీ చెప్పనులే. కానీ కూర వాసన బాగుందనడం మాత్రం మోసం తాతయ్యా.

అమ్మమ్మ ఫోన్లో "తగ్గిపోయిందే, నొప్పే లేదు" అంటోంది. నిజమేనా? ఈసారి నువ్వు చూసి రాయి. తను చెప్పింది రాయకు.

అమ్మలు

*

ఇంటి నుంచి,
చలి మొదలైంది.

అమ్మలూ,

నీకు ఉపాయం పనిచేసినందుకు సంతోషం. నాకు మాత్రం ఇక్కడ మనుషుల ముఖం చూడబుద్ధి కావడం లేదు.

పాలవాడు ఇన్నాళ్లూ వంటింటి గుమ్మం దాకా వచ్చి పోసేవాడు. ఈ వారం నుంచి గేటు దగ్గరే క్యాను దించి, "పెద్దాయనా, గిన్నె ఇటు తెండి" అని కేకేస్తున్నాడు. వెళితే ముఖం అటు తిప్పుకుని పోస్తాడు. సగం నేల మీద. కరెంటు మీటరు చూసే కుర్రవాడు మొన్న లోపలికి అడుగుపెట్టి, రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని, మీటరు చూడకుండానే పరుగు. పక్కింటి దర్జీ భార్య నీకు తెలుసుగా, మంచి మనిషే అనుకున్నాను. అమ్మమ్మకి బాగాలేదని గిన్నెలో కూర తెచ్చి గేటు మీంచి అందించింది. రెండో చేత్తో ముక్కు పట్టుకుంది. పైగా, "పెద్దాయనా, ఇంట్లో ఏదైనా ఎలుక చచ్చిందేమో చూసుకోండి, మా కిటికీ తీయలేకపోతున్నాం" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఎలుక కాదమ్మా, తోళ్లవాణ్ణి, నేనే చచ్చాను" అని గేటు వేసేశాను. గిన్నె బయటే ఉండిపోయింది. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అననివాణ్ణి.

పని మానేసి ఇన్నేళ్లయింది. ఇంకా నా ఒంట్లోంచి ఆ కంపు పోలేదంటారా? రోజుకి రెండుసార్లు స్నానం చేస్తున్నాను. పాత పనిబట్టలు పెట్టెలో ఉంటే తీసి తగలబెట్టాను. వీపు బ్రష్షుతో తోముకున్నాను, చర్మం లేచింది. అయినా నిన్న పాలవాడు మళ్లీ అదే ముఖం పెట్టాడు. రోత పుడుతోందమ్మా ఈ మనుషుల జాతి మీద. ముసలివాణ్ణి అయ్యాక కొత్తగా గుర్తొచ్చానా వీళ్లకి?

అమ్మమ్మ ఏమీ అనదు. పడుకునే ఉంటోంది. కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది, చలిగాలికి కాబోలు. కాలు చూసి రాయమన్నావు. దుప్పటి తీయనివ్వలేదు. "నొప్పే లేదన్నానుగా, మీరు చూసి చేసేదేముంది" అంది. ఈగలు మాత్రం ఎక్కువయ్యాయి ఆ గదిలో. చలికాలం ఈగలేమిటో.

తాతయ్య

*

హాస్టలు.

తాతయ్యా,

ఈ ఉత్తరం చేరేసరికి పిన్ని ఇంటికి వచ్చి ఉంటుంది. నీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పిన్నికి చేసి వెంటనే బయల్దేరమన్నాను. తన మీద కేకలేయకు. వేస్తే నా మీద వెయ్యి.

నిన్న ఏం జరిగిందో చెప్పాలి, అప్పుడే నీకు అర్థమవుతుంది. మా గుండెలు ఒక్కొక్కరివీ ఒక్కో సీసాలో మందునీళ్లలో పెట్టి బీరువాలో దాచుకుంటాం. నా సీసా మూత సరిగ్గా బిగియలేదు. నీళ్లు కారిపోయి సగం గుండె బయటపడి ఉంది. అది కుళ్లింది. వారమంతా పళ్లేల కోసం నేను ఆ బీరువా తెరుస్తున్నాను, మూస్తున్నాను. ముక్కులో దూది. నాకేమీ తెలీలేదు. మిగతావాళ్లు, వాంతుల డాక్టరమ్మే ఊరుకుంది కదా, ఇది మామూలు వాసనే కాబోలు అనుకున్నారట. నిన్న మేడం గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరిదది?" అంది. సీసా తీస్తే నాదే. నల్లగా, మెత్తగా, నురగతో. అందరూ "ఛీ, ఛీ" అని బయటికి పరిగెత్తారు. మేడం నన్ను దగ్గరికి పిలిచి నా ముక్కులోంచి కనపడుతున్న దూది కొస పట్టుకుని లాగింది. ఇంత పొడుగు దూది! అంతమంది ముందు! "వాసనంటే కబురమ్మా. కబురు తెచ్చినవాడి ముఖాన తలుపేసుకుంటే ఇంట్లో ఏం జరిగిందో నీకెవరు చెబుతారు?" అంది. తిట్టినా బాగుండేది.

ఏడుస్తూ గదికి వచ్చేసరికి నీ ఉత్తరం ఉంది. పాలవాడు, మీటరు కుర్రాడు, దర్జీ భార్య, ఈగలు. చదువుతూనే ఫోన్ తీశాను.

తాతయ్యా, కంపు నీది కాదు. షుగరు ఉన్నవాళ్ల కాలికి నొప్పి తెలీదు. నీకు వాసన తెలీదు. అమ్మమ్మ కాలు.

అమ్మలు

*

ఆసుపత్రి, వరండాలో బెంచీ.

అమ్మలూ,

మీ పిన్ని కాగితం ఇచ్చింది, కలం నర్సమ్మది. మీ అమ్మమ్మ బతికే ఉంది. ముందది రాయమంది మీ పిన్ని. కుడికాలి వేళ్లు రెండు తీసేశారు, పక్కనున్న మాంసం కొంత. కాలు దక్కింది.

నీ ఉత్తరం నాకు తర్వాత అందింది. పిన్ని ముందొచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆగిపోయింది. చెయ్యి ముక్కుకి పోయింది. వెనక్కి తిరిగి పెరట్లోకి పరిగెత్తి కాలవ దగ్గర కక్కుకుంది. నా కడుపున పుట్టిన పిల్ల. నా ఒళ్లు తెలీకుండా కేకలేశాను.

"నువ్వు కూడానా! ఈ కంపు కూడు తినే పెరిగావే నువ్వు! ఆ జీతంతోనే నీ చదువు! పో, నువ్వు కూడా గేటు దగ్గరే నిలబడు!"

పిన్ని మూతి తుడుచుకుని, "నాన్నా, నీ కంపులో పుట్టిపెరిగాను, అది నాకు తెలీదా? ఇది నీది కాదు. వేరే" అంది. నన్ను తోసుకుంటూ గదిలోకి పోయి దుప్పటి లాగేసింది.

కట్టు విప్పింది. గుడ్డ ఊడి రాలేదు, తడిపి తీసింది. నాకు మసకగానే కనపడింది, అయినా చాలు. చిటికెన వేలు నల్లగా బొగ్గులా ఉంది. దాని కింద పచ్చగా కారుతోంది. తెల్లగా ఏవో మెదిలాయి. నేను గీకిన తోళ్ల మీద ఎండాకాలం ఉండేవే, అవే. బతుకంతా చూసినవే. మీ అమ్మమ్మ కాలి మీద చూశాను.

"ఇంత దాకా రానిచ్చి ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకునే చెప్పింది. "కంపు నాకు తెలుస్తోంది. పగలూ రాత్రీ తెలుస్తోంది. మీరు పక్కనే కూర్చుంటున్నారు, ముఖం చిట్లించలేదు, ఒక్క మాట అనలేదు. భరిస్తున్నారనుకున్నాను. ఇన్నేళ్లు మీ వాసన నేను భరించలేదా, ఇప్పుడు మీ వంతు వచ్చిందనుకున్నాను. మీరు అంత గుట్టుగా ఉంటే నేనే బయటపెట్టి మిమ్మల్ని చిన్నబుచ్చడమెందుకని ఊరుకున్నాను."

తెలిసిందా అమ్మలూ. ఆవిడకి నా కంపు తెలిసేది. కొత్తకాపురం నాటి నుంచీ తెలిసేది. నేనే తెలీదనుకున్నాను.

ఇక్కడ డాక్టరు చిన్నవాడు. కాలు చూసి మండిపడ్డాడు. "ఇంత కుళ్లేదాకా ఏం చేస్తున్నారు? ఇంట్లో ముక్కున్నవాళ్లు ఒక్కరూ లేరా?" అన్నాడు.

"లేరండీ" అన్నాను.

ఎగతాళి అనుకున్నాడు కాబోలు, ఇంకో రెండు తిట్టాడు. తిట్టనీ. నా మీద నాకే రోతగా ఉంది. మీటరు కుర్రాణ్ణి, పక్కింటివాళ్లను, పాలవాణ్ణి ఎన్నెన్ని అనుకున్నాను! వాళ్లు ముక్కు మూసుకుంది చూసి నా పరువు సంగతే చూసుకున్నాను గానీ వెనక్కి తిరిగి మంచం వైపు చూడలేదు.

తాతయ్య

*

హాస్టలు, రైలు దిగి వచ్చిన రోజు.

తాతయ్యా,

నిన్ను పట్టుకుని ఏడుద్దామని వచ్చాను. జరిగింది చూశావుగా. కట్టు మార్చే మనిషి గుడ్డ విప్పగానే మళ్లీ అదే. వార్డులో, అందరి ముందు, అమ్మమ్మ మంచం పక్కనే. ఆ మనిషి కనీసం ఆగలేదు. ఒక చేత్తో నాకు తట్ట అందించి, రెండో చేత్తో పుండు కడుగుతూనే ఉంది. అమ్మమ్మ "అయ్యో, పిల్లకి మంచినీళ్లివ్వండి" అంటోంది. కాలు కోసింది ఎవరికి, నీళ్లు ఎవరికి? నా మీద నాకు అసహ్యం వేసింది.

దూది పెట్టుకుంటే కుళ్లింది తెలీదు. తీసేస్తే నిలబడలేను. ఇలాంటిది డాక్టరేమిటి తాతయ్యా? నాన్నకి అంతా తెలిసిపోయింది. కోప్పడలేదు కూడా. "పోన్లే, మొక్కలకి కంపుండదు" అని నవ్వాడు. ఆ నవ్వే భరించలేకపోతున్నాను. కాగితం వచ్చే వారం ఇవ్వాలి. మొక్కలు, గణాంకాలు అని పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంచాను.

అమ్మలు

*

ఆసుపత్రి వరండా.

అమ్మలూ,

నాకు పెద్ద మాటలు రావు. తోచింది రాస్తాను.

నాకూ మొదట్లో వాంతులయ్యాయి. తర్వాత మానాయి. మానాయని సంబరపడ్డాను. అదే నా కొంప ముంచింది. నీకు ఆ దూది ఉపాయం చెప్పింది నేను. పాడు ఉపాయం. అవతల పారెయ్యి.

మంచం పక్కన వాంతి చేసుకుని నువ్వు సిగ్గుపడ్డావు. నేను మీ పిన్నిని తలుచుకున్నాను. అది కాలవ దగ్గర కక్కుకుని, మూతి తుడుచుకుని, లోపలికి పోయి కట్టు విప్పింది. కక్కుకోకుండా పక్కన కూర్చున్నవాణ్ణి నేను. ఎవరి వల్ల కాలు దక్కిందో నువ్వే చూసుకో.

కట్టు మార్చే ఆవిడని నేను అడిగాను. నోరు తెరిచి నాకై నేను ఒకరిని అడగడం చూసి మీ అమ్మమ్మే ఆశ్చర్యపోయింది. "అమ్మా, మీకు ఈ కంపు అలవాటైపోయిందా?" అన్నాను. "ఎక్కడ అలవాటవుతుంది పెద్దాయనా! రోజూ డ్యూటీ దిగాక ఇంటికెళ్లి అన్నం తినలేను. నిన్నటికంటే ఇవాళ కంపు తగ్గిందా పెరిగిందా, అది పసిగట్టకపోతే డాక్టరుకి నేనేం చెప్పను?" అంది.

పెన్సిలుతో టిక్కు పెట్టేది చెరపడానికే. నీ ఇష్టం. మొక్కలే కావాలంటే మొక్కలే. కానీ వాంతులొస్తున్నాయని మాత్రం మానకు. అవి పోయిన రోజున భయపడు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఫోన్లో. పిన్ని నంబరు కలిపి ఇస్తానంది.

తాతయ్య

*

హాస్టలు.

తాతయ్యా,

శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు. పెన్నుతో. కాగితం ఇచ్చేశాను.

నువ్వు ఫోన్ చేశావని నాన్న చెప్పాడు. "మీ తాత అవతల ఊపిరి పీలుస్తున్నాడు, పీలుస్తున్నాడు, చివరికి 'పిల్లని వదిలెయ్యి' అని పెట్టేశాడు" అన్నాడు. నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. గిన్నెలు మాత్రం ఎగరలేదట.

కొత్త గుండె ఇచ్చారు. దూది లేదు. తట్ట పక్కనే పెట్టుకుని కోస్తున్నాను. కోస్తాను, కక్కుకుంటాను, మూతి కడుక్కుంటాను, మళ్లీ కోస్తాను. పేరు మళ్లీ పాతదే. ఈసారి మేడం కూడా అదే పేరుతో పిలుస్తోంది. సీసా మూత రోజూ నేనే వాసన చూసి బిగిస్తున్నాను. నాది ఒక్కటే కాదు, అందరివీ.

పరమ రోత తాతయ్యా. ఒట్టు.

అమ్మలు

*

ఇంటి నుంచి,
ఎండలు ముదురుతున్నాయి.

అమ్మలూ,

అమ్మమ్మని ఇంటికి తెచ్చాం. కర్ర పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది. పిన్ని వారానికోసారి వచ్చి పోతోంది.

నా ముక్కు సంగతి ఆవిడకి చెప్పేశాను. చేతిలో గరిటె పక్కన పెట్టింది. తర్వాత, "అయితే ఇన్నేళ్లూ కూర వాసన బాగుందన్నది?" అంది. "అబద్ధం" అన్నాను. రెండు రోజులు నాకు కూర లేదు, ఒట్టి పెరుగే. మూడో రోజు కంచం ముందు పెట్టి, "మాడింది. తినండి" అంది. తిన్నాను.

పుండు ఇంకా పూర్తిగా మానలేదు. నా ముక్కుని నమ్మడానికి లేదు కదా, అందుకని పొద్దున్నే దర్జీ భార్య ఇంటి తలుపు తట్టాను. చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ ఏడ్చేసింది. "ఆ రోజే లోపలికి రావాల్సింది, మీ కోపం చూసి మొహమాటపడ్డాను" అంది. ఇప్పుడు రోజూ పొద్దున్న వచ్చి కాలు దగ్గర వంగి వాసన చూసి చెబుతోంది. ఆవిడ ఊరెళితే పాలవాణ్ణి పిలుస్తాను. వాడు గొణుగుతాడు. "పెద్దాయనా, నేను పాలు పోయడానికొచ్చానా, కాళ్లు వాసన చూడ్డానికొచ్చానా?" అంటాడు. అంటూనే క్యాను దించి లోపలికొస్తాడు, ముఖం అష్టవంకర్లూ తిప్పి వంగుతాడు. "సబ్బు వాసన" అంటే ఆ పూట నాకు ముద్ద దిగుతుంది. నిన్న "ఏదో తేడాగా ఉంది" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా అమ్మమ్మని ఆసుపత్రికి తీసుకుపోయాను. ఏమీ లేదు, పాత మందు వాసనట. డాక్టరు కసురుకున్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు.

ఇల్లు శుభ్రంగానే ఉందంటోంది అమ్మమ్మ. కానీ నా ముఖం చూసి చెప్పే మాట కదా, నేను నమ్మను. సెలవులకి నువ్వు రా. గుమ్మంలో ఆగు. ముక్కుకి ఏదీ అడ్డం పెట్టుకోకుండా గట్టిగా పీల్చి, ఈ ఇల్లు ఏమంటోందో ఉన్నదున్నట్టు నాకు చెప్పు. కక్కుకుంటే కక్కుకో, కాలవ అక్కడే ఉంది.

ఎప్పుడొస్తున్నావో రాయి. ఆలస్యం చేయకు తల్లీ, వెంటనే రాయి.

తాతయ్య